గోదావరిలో పడవలే తిరగని రోజుకు పాపికొండల టికెట్లు అమ్మిన తీరుపై ఫిర్యాదు

విశాఖపట్నం,
2025 అక్టోబరు 6.

వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: సెప్టెంబరు 26, 27 తేదీల పాపికొండలు – మారేడుమిల్లి యాత్రలో పడవ ప్రయాణం రద్దు, మీ ప్రతినిధి చేసిన ప్రమాదకరమైన ప్రతిపాదన, సొమ్ము వాపసు.

ఆర్యా,

దసరా సెలవుల్లో మా కుటుంబమంతా కలిసి వెళ్లడానికి మీ సంస్థ వెబ్‌సైట్ ద్వారా ఆగస్టు 17న పైన చెప్పిన రెండు రోజుల యాత్రకు తొమ్మిది మందికి టికెట్లు తీసుకున్నాను. పెద్దవాళ్లు ఆరుగురికి తలకు 4,200 రూపాయల చొప్పున, పిల్లలు ముగ్గురికి 2,800 రూపాయల చొప్పున, ప్రయాణ బీమా కింద మరో 1,080 రూపాయలతో కలిపి మొత్తం 34,680 రూపాయలు నా బ్యాంకు ఖాతా నుంచి ఆ రోజే చెల్లించాను. మొదటి రోజు రాజమహేంద్రవరం నుంచి బస్సులో రేవుకు చేర్చి, అక్కడి నుంచి పడవలో పేరంటపల్లి వరకు తీసుకువెళ్లి సాయంత్రానికి వెనక్కి తెస్తామని, రాత్రి బస మారేడుమిల్లిలో ఇస్తామని, రెండో రోజు అక్కడి జలపాతాలు చూపిస్తామని మీ పేజీలో ఉంది. పడవ ప్రయాణం జరగలేదు. ఎందుకు జరగలేదో, దాని బదులు మీ మనిషి మాకు ఏమి చూపబోయాడో వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ తేదీలే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా చెప్పాలి, ఎందుకంటే మీ కస్టమర్ కేర్ సిబ్బంది ప్రతిసారీ "మరో రోజు వెళ్లవచ్చు కదా" అన్నారు. ఈ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో బడులకు దసరా సెలవులు సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 వరకు, తెలంగాణలో సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు ఇచ్చారు. మేము విశాఖపట్నంలో ఉంటాము, మా అక్కా బావా వరంగల్‌లో ఉంటారు, అమ్మా నాన్నా రాజమహేంద్రవరంలో ఉంటారు. కాగితం మీద చూస్తే పదకొండు రోజులు అందరికీ సెలవులే. కానీ మా అక్క సద్దుల బతుకమ్మ నాటికి అత్తవారింట ఉండి తీరాలి, నాకు ఆఫీసులో దొరికిన సెలవు అయిదు రోజులు, బావగారికి దొరికినది నాలుగు రోజులు. ఇవన్నీ కలిపి చూసుకుంటే తొమ్మిది మందిమీ ఒకచోట ఉండగలిగినవి మూడే రోజులు. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు గనుక మా అక్క జులై చివరి వారంలో ఉదయాన్నే కూర్చుని రానూ పోనూ బెర్తులు సంపాదించింది. రెండు రాష్ట్రాల్లో ఉండే ఏ కుటుంబమైనా పండక్కి కలవాలంటే ఇంత లెక్క వేసుకోక తప్పదు. సెలవుల యాత్రలు అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్న మీకు ఈ సంగతి నాకన్నా బాగా తెలిసి ఉండాలి.

పాపికొండలనే ఎంచుకోవడానికి కారణం మా నాన్నగారు. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా దేవీపట్నం మండలంలోని ఒక గ్రామంలో పదకొండేళ్లు పనిచేశారు. పోలవరం ముంపులో ఆ ఊరు ఖాళీ అయింది, ఆయన చదువు చెప్పిన పిల్లల కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆయనకు 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు. పడవలో కూర్చుని వెళ్తే బడి ఉన్న ఒడ్డును దూరం నుంచైనా మనవలకు చూపించవచ్చునని ఆశపడ్డారు. నెల రోజులుగా పిల్లలకు ఫోన్‌లో ఆ ఊరి కబుర్లే చెబుతూ వచ్చారు.

సెప్టెంబరు 25 రాత్రి 8 గంటల 40 నిమిషాలకు, అంటే మా ప్రయాణానికి పది గంటల ముందు, "నిర్వహణ కారణాల వల్ల పడవ ప్రయాణం స్థానంలో స్థానిక దర్శనీయ స్థలాలు చూపబడును" అని మీ నుంచి సందేశం వచ్చింది. ఆ కారణాలు ఏమిటో అందులో లేదు. వెంటనే ఫోన్ చేస్తే నలభై నిమిషాలకు పైగా వేచి ఉన్నాక మాట్లాడిన ఉద్యోగిని, గోదావరిలో నీరు ఎక్కువగా ఉందనీ, ఇది ప్రకృతి వైపరీత్యం కిందికి వస్తుంది గనుక మీ షరతుల ప్రకారం సంస్థకు బాధ్యత ఉండదనీ చెప్పారు. మరునాడు ఉదయం బస్సు దగ్గర మీ సమన్వయకర్త చెప్పిన మాట వేరు. వానాకాలంలో ఆపిన పడవలకు ఇంకా అనుమతే రాలేదని, ఆ వారంలో ఒక్క పర్యాటక బోటు కూడా రేవు దాటలేదని ఆయన మా అందరి ముందూ అన్నారు.

ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే నా ఫిర్యాదుకు మూలం. గోదావరికి వరద రావడం వైపరీత్యమే కావచ్చు, కానీ జులై నుంచి సెప్టెంబరు దాకా నది పోటు మీద ఉండటం, ఆ రోజుల్లో పాపికొండల పడవలను అధికారులు ఆపివేయడం, నీరు తగ్గి భద్రత సరిచూసుకున్నాకే మళ్లీ వదలడం ఆ ఒడ్డున పుట్టిన ప్రతివారికీ తెలిసిన విషయం. గండి పోచమ్మ అమ్మవారి ఆలయం నీట మునిగిన ఫోటో మా జిల్లా పేపర్లలో దాదాపు ప్రతి వానాకాలంలోనూ చూస్తాము. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పది లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఈ లెక్కలు రహస్యాలు కావు, టీవీలో రోజూ చెప్పేవే. ఇవన్నీ తెలిసిన సంస్థ ఆగస్టు నెలలో, నది నిండుగా పారుతున్న రోజుల్లో, సెప్టెంబరు తేదీకి పడవ టికెట్లు అమ్మినప్పుడు "అనుమతి వస్తేనే పడవ ఉంటుంది" అన్న ఒక్క వాక్యం పేజీ మీద రాయవలసింది. మీ పేజీలో ఆ వాక్యం లేదు. ఎండలో మెరిసే నీళ్లూ పచ్చటి కొండలూ ఉన్న ఫోటోలు ఉన్నాయి, వాటి పక్కనే ఎర్ర అక్షరాలతో "మరో 4 సీట్లే మిగిలాయి" అన్న హెచ్చరిక ఉంది. బయలుదేరడానికి అనుమతే లేని పడవలో నాలుగు సీట్లు ఎలా మిగిలాయో దయచేసి నాకు వివరించండి. ఆ హెచ్చరిక చూసే నేను ఇంట్లో వాళ్లను మరోసారి అడగకుండా ఆ రాత్రికి రాత్రే డబ్బు కట్టాను. ఇలాంటి అబద్ధపు తొందర పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే వెబ్‌సైట్లలో కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడల మీద, ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. బీమా గడిలో నేను టిక్ పెట్టకముందే పెట్టి ఉండటం కూడా నిబంధనలకు విరుద్ధమే.

ఇంతవరకు చెప్పినది డబ్బుకూ సమయానికీ సంబంధించినది. ఇక చెప్పబోయేది ప్రాణాలకు సంబంధించినది, మీరు అన్నిటికన్నా ముందు దీని మీద విచారణ జరపాలని కోరుతున్నాను. బస్సులో ఉన్న ప్రయాణికులు నిరుత్సాహపడటం చూసి, మీ సమన్వయకర్త ఎగువన మరో రేవులో తనకు తెలిసిన వారి చిన్న ఇంజను పడవ ఉందని, తలకు అయిదు వందల రూపాయలు నగదు ఇస్తే "కొండలు కనిపించేంత దూరం" తిప్పి తెస్తారని చెప్పారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని మా బావగారు అడిగితే "పిల్లల వరకు ఉండవచ్చు" అన్నారు. అనుమతి సంగతి అడిగితే ఆ రేవులో ఎవరూ అడగరని సమాధానం వచ్చింది.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయిన సంగతి మీ సంస్థలో ఎవరికీ గుర్తు లేదా? అదీ సెప్టెంబరు నెలే, అప్పుడూ గోదావరి వరద మీదే ఉంది, ఆ బోటు కూడా పాపికొండలకే బయలుదేరింది. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. నది అడుగున ఉన్న బోటును బయటికి తీయడానికి అయిదు వారాలకు పైగా పట్టింది. మా నాన్నగారికి ఆ చుట్టుపక్కల పరిచయమున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అన్ని రోజులూ ఆయన సరిగా భోజనం చేయలేదు. ఆ ప్రమాదం తరువాతే గండి పోచమ్మ వంటి చోట్ల కంట్రోల్ రూములు వచ్చాయి, పడవ ఫిట్‌నెస్, ప్రయాణికుల జాబితా, లైఫ్ జాకెట్లు, నీటిమట్టం అన్నీ చూశాకే పడవ కదలాలన్న కట్టుదిట్టం వచ్చింది. అంత ప్రాణనష్టం తరువాత వచ్చిన ఆ కట్టుదిట్టాన్ని తప్పించుకునే దారి మీ సంస్థ చొక్కా తొడుక్కున్న మనిషే మీ బస్సు పక్కన నిలబడి ప్రయాణికులకు చూపించాడు.

నాన్నగారు ఆ మాట విని, నది ఎలా ఉందో చూడకుండా పసిపిల్లలను పడవ ఎక్కించకూడదని గట్టిగా చెప్పారు. ఆ ఒడ్డు చూడాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్న మనిషే వద్దన్నాక, మొదట అటు మొగ్గు చూపిన మరో రెండు కుటుంబాల వారు కూడా వెనక్కి తగ్గారు. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. ఆ ఉదయం ఆ బస్సులో గోదావరి తెలిసిన పెద్దాయన ఒకరు లేకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయంగా ఉంది.

పడవకు బదులుగా మమ్మల్ని ధవళేశ్వరం తీసుకువెళ్లారు. 1852 నాటికి అక్కడ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరంటే గోదావరి జిల్లాల్లో అందరికీ భక్తి ఉంది, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఆ బ్యారేజీ, మ్యూజియం మా నాన్నగారి ఇంటికి ఆటో దూరంలో ఉన్నాయి, మా పిల్లలు వచ్చిన ప్రతిసారీ అక్కడికి వెళ్తూనే ఉంటారు. బ్యారేజీ మీద నిలబడి ఎర్రటి వరద నీటిని చూపిస్తూ, పది లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, పదమూడు దాటితే రెండోది, పదిహేడు దాటితే మూడోది అని నాన్నగారు పిల్లలకు వివరించారు. బడి ఒడ్డు గురించి ఆ తరువాత ఆయన ఎత్తలేదు, పిల్లలూ అడగలేదు. రెండో రోజు మారేడుమిల్లి ప్రయాణం సవ్యంగానే సాగింది. ఘాట్ రోడ్డు మీద మీ డ్రైవరు ఎంతో జాగ్రత్తగా బండి నడిపారు, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

తిరిగి వచ్చాక ఫిర్యాదు చేస్తే, 9,000 రూపాయలు మీ యాప్‌లోని వ్యాలెట్‌లో వేశామని, 2026 మార్చి 31 లోపు వాడుకోవాలని సమాధానం పంపారు. నేను కట్టినది బ్యాంకు ఖాతా నుంచి, తిరిగి రావలసినదీ అక్కడికే. పిల్లలకు మార్చి అంటే పరీక్షల నెల. సంక్రాంతికి నది శాంతంగా ఉంటుంది, పడవలూ తిరుగుతాయి, కానీ రెండు రాష్ట్రాల సెలవులూ మళ్లీ కలవాలి, బెర్తులు దొరకాలి, నాన్నగారి మోకాళ్లు సహకరించాలి. పైగా ఈ తొమ్మిది వేల లెక్క ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు. మేము ఈ యాత్ర కొన్నది పడవ కోసం. మారేడుమిల్లి ఒక్కటే చూడాలనుకుంటే విశాఖపట్నం నుంచి మా కారులోనే వెళ్లేవాళ్లము.

కాబట్టి మారేడుమిల్లి బస, భోజనం, బస్సు ఖర్చుకు న్యాయంగా అయినంత మినహాయించుకుని, ఆ లెక్క నాకు రాతపూర్వకంగా చూపి, మిగిలిన సొమ్మును, బీమా పేరుతో తీసుకున్న 1,080 రూపాయలతో సహా, నేను చెల్లించిన ఖాతాకే వాపసు చేయవలసిందిగా కోరుతున్నాను. చిన్న పడవ ప్రతిపాదన మీ సంస్థకు తెలిసి జరిగిందా, ఆ ఉద్యోగి సొంత నిర్ణయమా, అతని మీద ఏ చర్య తీసుకున్నారు అన్నది సంతకంతో కూడిన లేఖలో తెలియజేయాలి. పాపికొండల యాత్ర పేజీలో పడవ బయలుదేరడం ప్రభుత్వ అనుమతికి లోబడి ఉంటుందన్న మాట ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో రాయాలి. అనుమతి లేని రోజులకు టికెట్ల అమ్మకం ఆపాలి. సొమ్ము విషయంలో కొంత మాట్లాడుకోవడానికి నేను సిద్ధమే. పడవ విషయంలో మాత్రం నాకు పూర్తి సమాధానం కావాలి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్లు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద నేను నివసించే విశాఖపట్నం జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. చిన్న పడవ సంగతిని మాత్రం మీ జవాబు కోసం ఆగకుండా ఈ రోజే అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు గారి కార్యాలయానికి కూడా రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను, ఎందుకంటే దీపావళికి, కార్తీక మాసానికి ఇంకా ఎన్నో కుటుంబాలు పిల్లలతో ఆ ఒడ్డుకు వస్తాయి.

చెల్లింపు రసీదు, మీ సందేశం ప్రతి, ఆగస్టు 17 నాటి మీ పేజీ ఫోటో, వ్యాలెట్ గురించి మీరు పంపిన సమాధానం ఈ లేఖకు జతపరిచాను. ఆ ఉదయం మాతో బస్సులో ఉన్న మరో రెండు కుటుంబాల వారు అవసరమైతే తాము విన్నది చెప్పడానికి సమ్మతించారు.

ఇట్లు,
భవదీయుడు,
తొమ్మిది మంది ప్రయాణికుల తరఫున టికెట్లు తీసుకున్న వినియోగదారుడు