సోమశిల రేవు వారికి, ముఖ్యంగా ఆ పెద్దాయనకు

కర్నూలులో ఉంటూ బోటు కొన్నానంటే మా ఆఫీసులో నవ్వారు. కర్నూలు–కడప కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో తవ్వింది పైర్ల కోసమే కాదు, పడవల కోసం కూడానని చెప్పినా నమ్మలేదు. సరే, నేను కొన్నది కాలువ కోసం కాదు. ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లో నాన్న, తమ్ముడు ఇన్నాళ్లూ పుట్టి మీదే వల వేస్తున్నారు. వాళ్ల కోసం అవతలి గట్టున సోమశిలలో ఒక పాత ఫైబర్ బోటు, ఇంజనుతో సహా బేరం చేశాను. శనివారం తమ్ముడితో వెళ్లి డబ్బులిచ్చి సాయంత్రానికి ఇల్లు చేరాలని నా లెక్క. మంగళవారం చేరాం. క్షేమంగా చేరామంటే మీ చలవే.

అమ్మినాయన తాడు ఒక్క లాగు లాగి ఇంజను స్టార్ట్ చేశారు. నాకు అది చాలనిపించింది. రేవులో పుట్టి బోర్లించి తారు పూస్తున్న పెద్దాయన మాత్రం లేచి వచ్చి, బోటు చుట్టూ ఒకసారి తిరిగి, "బిడ్డా, ఈ రోజు కదలవద్దు" అన్నారు. అడగకుండా చెప్పడానికి ఈయన ఎవరని విసుక్కున్నాను. ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. క్షమించండి.

బోటును ఒడ్డుకు లాగించి, లోపల బిందెలతో నీళ్లు పోయించారు. లోపలి నీరు బయట ఎక్కడ చెమ్మగా కనిపిస్తే చిల్లు అక్కడే. ముక్కు కింద పాత అతుకు దగ్గర చెమట పట్టింది. ఇంత తేలికైన పరీక్ష నాకు తట్టనే లేదు.

కొల్లాపూర్ నుంచి వచ్చిన మెకానిక్ తమ్ముడు ఇంజను కింది గేరుపెట్టె స్క్రూ విప్పితే ఆయిల్ మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్లు చేరాయన్నమాట. నీటిలో తిరిగి బోటును నెట్టే ఫ్యాను ఊడదీస్తే, దాని వెనుక షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ వల దారం సీలును కోసేసి ఉంది. ఇంజనును చల్లబరిచే నీటి పంపులో రబ్బరు చక్రం రెక్కలు విరిగిపోయాయి. పక్కనుంచి ధారగా రావలసిన నీరు చుక్కలుగా పడుతోంది. అలాగే బయలుదేరి ఉంటే నది మధ్యలో ఇంజను పట్టేసేది. విడిభాగాలు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చాయి. టాంకులోని పాత పెట్రోలును సీసాలోకి వంచితే అడుగున నీరు వేరుగా నిలిచింది. కొత్త పెట్రోలులో యాభై లీటర్లకు ఒక లీటరు లెక్కన టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి, బోటును మోకుతో ఒడ్డుకు కట్టి, సోమవారం రెండు గంటలు గేరులో నడిపి చూశాడు. తమ్ముడూ, నువ్వు తీసుకున్న మజూరీ తక్కువ.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన బోటు ప్రమాదం గుర్తుచేసి, రేవు పక్క ఇంటి అక్క మూడు లైఫ్ జాకెట్లు అరువిచ్చింది. వేసుకున్నదాకా వదలలేదు.

జనవరి ఆఖరు. జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. అప్పటికే నీరు బాగా దిగింది. పైకి తేలిన మొద్దును తప్పించుకోవచ్చు, జానెడు లోతున దాక్కున్న గోడను ఎలా తప్పించుకుంటాం? పెద్దాయన గడ పట్టుకుని బోటు ముక్కున కూర్చున్నారు. ఎడమ, కుడి అనే మాటలు ఆయన నోట రాలేదు. "అది కరణం గారి మిద్దె, దూరంగా పోనీ." "ఇక్కడ మా చింతతోపు, మెల్లగా." శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో ఆయనదీ ఒకటట. ఆ వీధుల మీదుగా మా తమ్ముడు బోటు నడిపాడు. సంగమేశ్వరం దగ్గర, శిఖరం కొన మాత్రమే పైకి కనిపిస్తున్న గుడికి ఎదురుగా ఇంజను ఆపించి దండం పెట్టుకున్నారు. మేమూ పెట్టాం.

ముచ్చుమర్రి ఒడ్డున కూలి ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. కర్నూలు మీదుగా చుట్టు తిరిగి వెళ్లడానికి బస్సు చార్జీ మాత్రం లెక్కపెట్టి తీసుకుని, మిగతాది నా జేబులోనే పెట్టారు.

ఆయన దగ్గర ఫోను లేదు. రేవులో ఎవరైనా ఇది చదివి వినిపించండి. అక్కా, మీరు జొన్నరొట్టెలు కట్టిచ్చిన స్టీలు డబ్బా మా బోటులోనే వచ్చేసింది. జాకెట్లతో పాటు ఆదివారం తెస్తాం. ఖాళీ డబ్బా పంపేది లేదని నాన్న పట్టుపట్టారు, మరి కొత్త బోటు మొదటి వలలో ఏం పడుతుందో చూడాలి.