రాష్ట్ర ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యా,

విజయవాడ గవర్నర్‌పేటలో టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేసే వృత్తిలో ఉన్న నేను రక్షణ రంగ ఎలక్ట్రానిక్స్‌లో మన విద్యార్థులకు, చిన్న వర్క్‌షాపులకు అవకాశాల గురించి ఒక విన్నపం చేసుకుంటున్నాను.

నా బల్ల మీదికి వచ్చే ప్రతి ఓవెన్‌లోనూ ఉండే, వేడి పుట్టించే సూక్ష్మతరంగాలను తయారుచేసే మాగ్నెట్రాన్, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ల కోసం అభివృద్ధి చేసిన భాగం. అమెరికాలోని రేథియాన్ సంస్థలో రాడార్ పరికరాలపై పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్, తన జేబులోని మిఠాయి కరిగిపోవడం గమనించి, 1945లో దానితో వంట చేసే పద్ధతికి పేటెంటు కోరారు. ఫోన్లలో దారి చూపే జీపీఎస్ కూడా అమెరికా రక్షణ శాఖ నిర్మించినదే.

సైన్యం కోసం పుట్టిన పరిజ్ఞానం ఇలా సామాన్యుల చేతికి రావడం మన దేశంలోనూ జరిగింది. సైన్యం అవసరాల కోసం 1954లో బెంగళూరులో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్, ట్రాన్సిస్టర్లతోపాటు నలుపు తెలుపు టీవీల పిక్చర్ ట్యూబులనూ తయారుచేసింది. ఓటింగ్ యంత్రాలను నేటికీ తయారుచేస్తోంది. ఆ సంస్థ యూనిట్ ఒకటి మనకు దగ్గరలోని మచిలీపట్నంలోనే ఉంది. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీయే 1983లో అందులో కలిసి, నేడు సైనికులకు రాత్రిపూట చూపునిచ్చే పరికరాలను అందిస్తోంది. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కాబట్టి విజయవాడ, గుంటూరు ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఆ మచిలీపట్నం యూనిట్లో అప్రెంటిస్‌షిప్ అవకాశాలు పెంచేలా కేంద్రంతో మాట్లాడవలసిందిగా, ఇక్కడి చిన్న వర్క్‌షాపులు తమ సర్క్యూట్ బోర్డులను రక్షణ రంగ ప్రమాణాలకు పరీక్షించుకునే ప్రయోగశాలను నగరంలో ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
గవర్నర్‌పేట మరమ్మతుదారు ఒకరు,
విజయవాడ.