ఫుల్‌బ్రైట్ సరే, ఆ ఇద్దరి మాటేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో వియత్నాం యుద్ధం మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఇంతలో ఇంకెవరైనా రాస్తారేమో, మీరే ఒక సవరణ వేస్తారేమో అని చూశాను. రెండూ జరగలేదు. పాఠకుల లేఖలకు మీరిప్పుడు ఇస్తున్న చోటు రియల్ ఎస్టేట్ ప్రకటన పక్కన అగ్గిపెట్టెంత. కాబట్టి ఇది పూర్తిగా అచ్చవుతుందన్న భ్రమ నాకు లేదు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

ఆర్కన్సా సెనేటర్ ఫుల్‌బ్రైట్ మొదటి రోజు నుంచీ యుద్ధాన్ని ఒంటరిగా ఎదిరించాడని మీ వ్యాసకర్త రాశారు. పైగా ఓటర్లు సెనేటర్లకు రాసిన ఉత్తరాలు గుమస్తాలకు మోతబరువే తప్ప దేన్నీ కదిలించలేదని ఒక తీర్పు కూడా పారేశారు. అంత పెద్ద తీర్పు ఇచ్చేవారు ఒక్క ఉత్తరమైనా చదివి ఉంటే బాగుండేది.

ముందు ఫుల్‌బ్రైట్ సంగతి. టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందంటూ అమెరికా ప్రభుత్వం తెచ్చిన టోంకిన్ తీర్మానం 1964 ఆగస్టు 7న సెనేట్‌లో ఓటుకు వచ్చింది. యుద్ధం ప్రకటించకుండానే యుద్ధం చేసుకోమని అధ్యక్షుడు జాన్సన్ చేతికి ఖాళీ చెక్కు రాసిచ్చిన తీర్మానం అది. దాన్ని సభలో దగ్గరుండి గట్టెక్కించింది ఎవరనుకున్నారు? విదేశాంగ సంఘం అధ్యక్షుడుగా ఉన్న ఈ ఫుల్‌బ్రైటే. విస్కాన్సిన్ సెనేటర్ నెల్సన్ యుద్ధం విస్తరించకుండా చిన్న సవరణ ఒకటి పెడతానంటే, ప్రభుత్వ ఉద్దేశం కూడా అదేనని నచ్చజెప్పి పక్కన పెట్టించిందీ ఆయనే. ఓట్లు 88కి 2. దిగువ సభలోనైతే వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. ఆగస్టు 4న జరిగిందన్న రెండో దాడి అసలు జరగనే లేదని తర్వాత తేలింది.

ఆ రెండు ఓట్లు ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్‌వి, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్‌వి. మీ పేజీన్నర వ్యాసంలో ఈ రెండు పేర్లు భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు. యుద్ధం ప్రకటించే అధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెస్‌కు (అంటే అక్కడి పార్లమెంటుకు) ఇస్తే దాన్ని మనమే వదులుకుంటున్నామని మోర్స్ ఆ రోజే నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మనకు పనిలేని యుద్ధంలోకి మన పిల్లల్ని తోయొద్దని గ్రూనింగ్ అన్నాడు. ఫలితం? 1968లో ఇద్దరూ ఓడిపోయారు. మోర్స్ కొద్ది ఓట్ల తేడాతో, గ్రూనింగ్ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలోనే.

ఫుల్‌బ్రైట్ తర్వాత మారాడు, కాదనను. 1966 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి రస్క్‌ను, సైన్యాధికారులను, దౌత్యవేత్త కెనన్‌ను టీవీ కెమెరాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నించిన విచారణలు చిన్న విషయం కాదు. కెనన్ సాక్ష్యాన్ని చూపించకుండా సీబీఎస్ టీవీ వాళ్లు పాత హాస్య కార్యక్రమాన్ని మళ్లీ వేస్తే, ఆ సంస్థ వార్తా విభాగాధిపతి రాజీనామా పారేశాడు. (ఇప్పటి మన ఛానెళ్లలో అలాంటి పనికి రాజీనామా చేసేవాళ్లను ఊహించుకోండి.) ఆ విచారణల తర్వాతే ఫుల్‌బ్రైట్ కార్యాలయానికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆయన పేరున్న స్కాలర్‌షిప్ మీద మన విశ్వవిద్యాలయాల నుంచి ఎందరో వెళ్లొచ్చారు కాబట్టి మనకు ఆ పేరంటే అభిమానం. కానీ అదే పెద్దమనిషి 1964లోనే నల్లజాతివారి పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడని కూడా ఒక వాక్యం రాస్తే వ్యాసకర్త సొమ్మేం పోయింది? ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గ్రంథాలయంలో కూర్చుంటే ఇవన్నీ దొరికేవి. ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. మీ వ్యాసకర్తకు మాత్రం దొరకలేదు.

ఇక ఉత్తరాల సంగతి, నాకు అసలు ఒళ్లు మండింది ఇక్కడే.

అప్పట్లో అమెరికాలో 18 ఏళ్ల కుర్రాడిని నిర్బంధంగా సైన్యంలోకి లాక్కుపోయేవారు. ఓటు మాత్రం చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండితేనే. 1971లో 26వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా ఇదే పరిస్థితి. అంటే చావడానికి వయసొచ్చింది, ఓటేయడానికి రాలేదు. అలాంటి కుర్రాడికి తన సెనేటర్‌తో మాట్లాడాలంటే ఉత్తరం తప్ప ఏముంది? వాళ్ల తల్లులు రాశారు, కొడుకు జాడ తెలియడం లేదని, గాయపడ్డాడట ఏ ఆసుపత్రిలో ఉన్నాడో చెప్పమని. సెనేటర్ ఆఫీసు నుంచి కాగితం వెళ్తే సైన్యం జవాబు చెప్పి తీరాలి. ఆ తల్లులకు జవాబు తెప్పించడం గుమస్తా చాకిరీ అయితే, ప్రజాప్రతినిధి పని అంటే మరేమిటి? శంకుస్థాపనలా?

ఒక్క ఉత్తరం సంగతి చెబుతాను. రాన్ రైడెన్‌హవర్ అనే మాజీ సైనికుడు, 22 ఏళ్లవాడు, అరిజోనా మనిషి. 1968 మార్చి 16న మై లాయ్ అనే పల్లెలో అమెరికన్ సైనికులు ఆడవాళ్లనూ పిల్లలనూ ముసలివాళ్లనూ వరసగా కాల్చి చంపారని తోటి సైనికుల నోట విన్నాడు. తాను అక్కడ లేడు. ఒక్కొక్కరినీ అడిగి, విన్నదాన్ని సరిపోల్చుకుని, ఇంటికొచ్చాక 1969 మార్చి చివర్లో ఉత్తరం రాసి సుమారు 30 మంది పెద్దలకు పంపాడు. ఎక్కువమంది పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందిలో దిగువ సభ సభ్యుడు యూడాల్, సెనేటర్లు బ్రూక్, గోల్డ్‌వాటర్ ఉన్నారు. గోల్డ్‌వాటర్ ఎవరు? యుద్ధం ఇంకా గట్టిగా చేయాలన్న మనిషి! అయినా తన రాష్ట్రం కుర్రాడు రాశాడు, చదివాడు, అడిగాడు. సైన్యం విచారణ మొదలైంది, సెప్టెంబరులో ఆ దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ క్యాలీ మీద అభియోగం మోపారు, నవంబరులో పత్రికలకెక్కి ప్రపంచమంతా గగ్గోలెత్తింది. వియత్నాం లెక్క ప్రకారం చనిపోయినవారు 504 మంది. అంతవరకూ సైన్యం దాన్ని ఘనవిజయంగా చెప్పుకుంది. ఉత్తరాలు దేన్నీ కదిలించలేదని మీ పత్రిక రాస్తుంది!

ఉత్తరాలన్నీ యుద్ధానికి వ్యతిరేకంగానే వచ్చాయని నేననడం లేదు. 1969 నవంబరులో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ టీవీలో మాట్లాడాక వచ్చిన మద్దతు టెలిగ్రాములను బల్లమీద గుట్టగా పేర్చుకుని ఫొటో దిగాడు. వాటిలో కొన్నింటిని ఆయన మనుషులే పంపించారన్నది తర్వాత బయటపడిన సంగతి. దేశం రెండుగా చీలితే టపా కూడా రెండుగానే వస్తుంది. చదివేవాడి పని అక్కడే కష్టం.

కష్టమైనా కొందరు చదివి చట్టాల్లోకి తెచ్చారు. 1970 ఏప్రిల్ చివర్లో అమెరికన్ సేనలు వియత్నాం పక్కనున్న కంబోడియాలోకి దూరాయి. మే 4న దానికి నిరసనగా ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు జాతీయ రక్షక దళం కాల్పుల్లో పోయారు. ఆ నెలలో కాంగ్రెస్ కార్యాలయాల్లో ఉత్తరాలు పెట్టడానికి చోటు లేదు. సెనేటర్ మెక్‌గవర్న్ తన ఇంటిని తాకట్టు పెట్టి ఎన్‌బీసీ టీవీలో అరగంట సమయం కొని, సేనలను వెనక్కి రప్పించే సవరణ గురించి జనానికి చెప్పుకున్నాడు. జూన్ 30న కంబోడియాకు నిధులు ఆపే కూపర్-చర్చ్ సవరణ సెనేట్‌లో 58-37తో నెగ్గింది. సేనలను వెనక్కి రప్పించే ఆ మెక్‌గవర్న్-హాట్‌ఫీల్డ్ సవరణ మాత్రం సెప్టెంబరు 1న 55-39తో ఓడింది. ఓటింగుకు ముందు మెక్‌గవర్న్ లేచి ఈ సభ నెత్తురు కంపు కొడుతోందని సహచరుల మొహాన్నే అన్నాడు. 1973లో నిక్సన్ వీటోను కాదని, కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు యుద్ధం సాగించకుండా కట్టడి చేసే యుద్ధాధికారాల తీర్మానం వచ్చింది. మోర్స్ 1964లో అడిగింది ఇదేగా? అప్పటికి 58 వేల మంది అమెరికన్లు, లెక్కకట్టలేనంతమంది వియత్నామీయులు పోయారు.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూడండి. మోర్స్ రిపబ్లికన్‌గా ఉండి, పార్టీతో పడక స్వతంత్రుడై, తర్వాత డెమోక్రాట్ అయినవాడు. చివరికి తన డెమోక్రాట్ అధ్యక్షుడికే అడ్డం తిరిగాడు. మన దగ్గర 1985లో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు రాజ్యాంగంలోకి వచ్చాక పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి నియోజకవర్గంలో లక్షమంది రాసినా మన ఎంపీ గారు చేసేదేమీ లేదు, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తడమే. కండువా మార్చడానికి మాత్రం ఆ చట్టం ఎవరికీ అడ్డురాదు. అనర్హత పిటిషన్లు స్పీకర్ల దగ్గర నానుతూనే ఉంటాయి, ఈలోగా పదవీకాలం అయిపోతుంది. మన ప్రజాప్రతినిధుల లెటర్‌హెడ్‌లు ఖర్చయ్యేది దేనికో తెలియనిదా? తిరుమల దర్శనం సిఫార్సులకు. రైల్వే గేటు దగ్గర పైవంతెన గురించి నేను మా ప్రతినిధికి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. అందినట్టు సంతకమైన కార్డు తిరిగొచ్చింది, అంతే. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు, ఓటు హక్కు కూడా లేనివాడు, వీసా కాగితాలు ఆగిపోయాయని అక్కడి సెనేటర్ ఆఫీసుకు రాస్తే ఫారం పంపి సంతకం పెట్టించుకుని ఏమైందో కనుక్కుని చెప్పారట. వాళ్లేదో ధర్మాత్ములని కాదు. అక్కడ అదొక ఉద్యోగం, దానికి మనుషులున్నారు.

మీ దగ్గర కూడా ఒకప్పుడు లేఖల పేజీకి ఒక ఉపసంపాదకుడు ఉండేవారు. తప్పు ఎత్తిచూపితే మర్నాడు పోస్టుకార్డు రాసేవారు. ఇప్పుడు వాట్సాప్ నంబరు ఇచ్చారు, పంపితే నీలం గీతలు పడతాయి, అక్కడితో సరి.

మోర్స్, గ్రూనింగ్‌ల పేర్లతో, రైడెన్‌హవర్ ఉత్తరం సంగతితో అదే ఆదివారం అనుబంధంలో, అదే పేజీలో సవరణ వేయగలరు. ఏడో పేజీ మూలన కాదు. వేసేటప్పుడు ఆ అలాస్కా ఆయన పేరు గ్రూనింగ్. గ్రీనింగ్ అని పడకుండా ఎవరినైనా ఒకసారి ప్రూఫు చూడమనండి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
హనుమకొండ