గెలిచినవి తొమ్మిదే, అయినా గొప్ప కోచ్

సంపాదకులకు నమస్కారం.

ఏ జట్టయినా నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే చాలు, కోచ్‌ని మార్చాలంటూ వ్యాసాలు మొదలవుతాయి. మీ ఆటల పేజీలో కూడా ఈమధ్య అలాంటిదే ఒకటి చదివాను. గెలుపోటముల పట్టిక చూసి కోచ్ విలువ తేల్చెయ్యడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నేను కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ ఊళ్లోని మార్షల్ యూనివర్సిటీకి 1971లో ఫుట్‌బాల్ కోచ్‌గా వచ్చిన జాక్ లెంగ్యెల్ గురించి మన పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నాలుగు సీజన్లలో ఆయన జట్టు గెలిచినవి 9, ఓడినవి 33. పట్టిక ప్రకారమైతే ఆయన పేరు ఎవరూ తలుచుకోనక్కర్లేదు. కానీ ఈ ఊళ్లో ఆ పేరు చెబితే ముసలివాళ్లు లేచి నిలబడి మాట్లాడతారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. హెల్మెట్లు, భుజాలకి ప్యాడ్లు వేసుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకుని పరిగెత్తే ఆట. ఒంట్లో బలం, బరువు లేనివాడు ఆ గుద్దులాటలో నిలవలేడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఇరవై రెండేళ్లవాడికీ ఒంట్లో ఉండే తేడా ఆటలు నేర్పినవాళ్లకి బాగా తెలుసు. లెంగ్యెల్ చేసిన పని అర్థం కావాలంటే ముందు ఆ సంగతి తెలియాలి.

1970 నవంబర్ 14న మార్షల్ జట్టు నార్త్ కరొలైనాలో ఈస్ట్ కరొలైనా జట్టు చేతిలో 17–14తో ఓడి విమానంలో తిరుగుముఖం పట్టింది. ఆ రాత్రి వాన, పొగమంచు. విమానం ఇక్కడి ఎయిర్‌పోర్టులో దిగబోతూ దగ్గర్లోని కొండవాలు మీద కూలిపోయింది. అందులో ఉన్న 75 మందీ చనిపోయారు. వాళ్లలో 37 మంది ఆటగాళ్లు. హెడ్ కోచ్ రిక్ టాలీ, ఆయన సహాయకులు, జట్టు వెంట వెళ్లిన ఊరి పెద్దలు, డాక్టర్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఎవరివో గుర్తుపట్టలేకపోయిన ఆరుగురు ఆటగాళ్ల శరీరాలని ఊళ్లోని స్ప్రింగ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే పూడ్చారు.

ఆ తర్వాత ఫుట్‌బాల్ ఎత్తేద్దామా అన్న ఆలోచన వచ్చింది. విద్యార్థులు ఒప్పుకోలేదు. గాయం వల్ల ఆ ప్రయాణానికి వెళ్లని ఆటగాడు నేట్ రఫిన్ వాళ్లలో ముందున్నాడు. సరే ఆడదామన్నారు, కానీ కోచ్‌గా ఎవరొస్తారు? ముందు ఒకాయన వచ్చి కొద్ది రోజులకే వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను, అది మామూలు మనిషి మోసే బరువు కాదు. అప్పుడు ఒహాయోలోని చిన్న కాలేజీ వూస్టర్ నుంచి లెంగ్యెల్ వచ్చారు. అప్పటికి ఆయనకి నలభై కూడా నిండలేదు.

వచ్చేసరికి చేతిలో ఏముంది? గాయాల వల్లో ఇంకో కారణం వల్లో ఆ విమానం ఎక్కని కొద్దిమంది సీనియర్లు. వాళ్లు కాక, అంతకుముందు ఏడాది ఫస్టియర్ జట్టులో ఆడిన పిల్లలు. ఆ రోజుల్లో ఫస్టియర్ వాళ్లు కాలేజీ ప్రధాన జట్టులో ఆడకూడదని నియమం, అందుకే వాళ్లు ఆ ప్రయాణంలో లేరు. ఆ నియమం వల్ల బతికినవాళ్లు వీళ్లు. విచిత్రమేమిటంటే, జట్టు నిండడానికి మార్షల్ మళ్లీ అదే నియమం సడలించమని అడగాల్సి వచ్చింది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సరేనని, 1971లో మార్షల్ ఫస్టియర్ కుర్రాళ్లతో ఆడవచ్చని అనుమతి ఇచ్చింది. ఇంకా చాలకపోతే వేరే ఆటలు ఆడే కుర్రాళ్లని కూడా పిలిచారు.

ఇలాంటి కథ చెప్పేటప్పుడు అందరూ కోచ్ చేసిన ఉపన్యాసాల గురించే చెబుతారు. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని పెద్దదిగా కనిపిస్తుంది. మొదట 'పవర్ ఐ' అనే పద్ధతిలో ఆడించాలనుకున్నారు. అది ముందు వరసలో బలమైనవాళ్లుండి ఎదుటివాళ్లని తోసుకుంటూ పోవాల్సిన ఆట. ప్రాక్టీసులో చూశారు, ఈ పిల్లల వల్ల కాదని తేలిపోయింది. 'కష్టపడండి, అవుతుంది' అని వాళ్ల మీదకి తోసెయ్యలేదు. వేసుకున్న ప్లాన్ తనే పక్కన పెట్టేశారు. ఇదే రాష్ట్రంలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి అప్పట్లో బాబీ బౌడెన్ కోచ్. ఆయన జట్టు వాడుతున్న 'వీర్' పద్ధతి నేర్పమని అడిగారు. బౌడెన్ తన ప్లేబుక్ (జట్టు ఎత్తులన్నీ రాసుకునే పుస్తకం), ఫిల్ములు అన్నీ చూపించారు. కోచ్‌లు ఎంత రహస్యంగా దాచుకునే వస్తువులో అవి! ఆయన మంచితనానికీ నా నమస్కారం.

వీర్‌లో కిటుకు ఇది. ఎదుటి వరసలో ఒకణ్ణి కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. వాడు ఎటు కదిలాడో చూసి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ముందుగా అందుకుని ఆట నడిపేవాడు, క్షణంలో నిర్ణయం తీసుకోవాలి. బంతిని పక్కవాడికి అందించాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా, పక్కగా వస్తున్న ఇంకొకడికి విసరాలా అన్నది ఆ కదలికని బట్టే ఉంటుంది. అంటే అందరినీ బలంతో తొయ్యక్కర్లేదు, చూపు, తెలివి, వేగం ఉంటే కొంతవరకు నెట్టుకురావచ్చు. బక్కపిల్లలకి కుదిరే ఆట అది. ఉన్న పిల్లలకి తగ్గట్టు ఆటని మార్చిన కోచ్‌లు నాకు తెలిసి చాలా తక్కువ. ఎక్కువమంది ఆటకి తగ్గట్టు పిల్లలు లేరని తిడుతూ కూర్చుంటారు.

ఆయన పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, రెడ్ డాసన్. పాత జట్టుకి సహాయక కోచ్. కొత్త ఆటగాళ్లని వెతికే పని మీద కారులో వెళ్లడం వల్ల ఆ విమానం ఎక్కలేదు. ఒక్క సీజన్ మాత్రం ఉంటానని ఒప్పుకుని, ఆ మాట నిలబెట్టుకుని, తర్వాత కోచింగే మానేశాడు. ఆయన ఎంతటి బాధతో ఆ ఏడాది మైదానానికి వచ్చి ఉంటాడో తలుచుకుంటే నాకు మాట రాదు. అలాంటి మనిషిని పక్కన ఉంచుకుని, ఆయన దుఃఖానికి చోటిచ్చి, పని కూడా జరిగేలా చూడడం చిన్న విషయం కాదు.

1971 సెప్టెంబరులో మొదటి మ్యాచ్ మోర్‌హెడ్ స్టేట్‌తో. 29–6తో ఓడారు. వారం తర్వాత, 25న, హంటింగ్టన్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియంలో జేవియర్‌తో ఆడారు. చివరి క్షణాల్లో 13–9తో వెనకబడి ఉన్నారు. క్వార్టర్‌బ్యాక్ రెజీ ఆలివర్, ముందు ఏడాది ఫస్టియర్ జట్టువాడే, ఒక పక్కకి పరిగెత్తి అందరినీ తన వెంట లాగి, బంతిని రెండో పక్కనున్న టెర్రీ గార్డ్‌నర్‌కి విసిరాడు. గార్డ్‌నర్ దాంతో గోల్ గీత దాటేశాడు, ఆరు పాయింట్లు. 15–13. టైము కూడా అయిపోయింది. మా పక్కింటి పెద్దాయన అప్పుడు స్టూడెంటట, స్టేడియంలోనే ఉన్నారు. ఎంతసేపైనా ఎవరికీ ఇంటికి వెళ్లబుద్ధి కాలేదని చెబుతారు.

సినిమా అయితే అక్కడ ఆపెయ్యవచ్చు. కానీ సీజన్ అక్కడ ఆగలేదు. మయామీ ఒహాయో చేతిలో 66–6తో, టొలీడో చేతిలో 43–0తో చిత్తుగా ఓడారు. మధ్యలో బౌలింగ్ గ్రీన్ మీద 12–10తో ఇంకో గెలుపు. మొత్తం రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు. కోచ్ అన్నవాణ్ణి నేను చూసేది ఇలాంటి వారాల్లోనే. అరవై పాయింట్ల తేడాతో ఓడిన జట్టుని సోమవారం మళ్లీ ప్రాక్టీసుకి రప్పించాలి. వాళ్లని చనిపోయినవాళ్లతో పోల్చకుండా చూడాలి. అటు చనిపోయినవాళ్లని మరిచిపోయినట్టూ ఉండకూడదు. లెంగ్యెల్ నాలుగేళ్లు అదే చేసి, 1974 సీజన్ తర్వాత వెళ్లిపోయారు. తర్వాత అమెరికా నేవల్ అకాడమీలో ఆటల విభాగానికి డైరెక్టర్‌గా చాలా ఏళ్లు పనిచేశారు.

మార్షల్ జట్టుకి ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన సీజన్ 1984 దాకా రాలేదు. 1992లో, 1996లో తన డివిజన్‌లో జాతీయ చాంపియన్ అయింది, 1999లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1971లో జట్టు ఎత్తేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. ఆ గెలుపులన్నీ వేరే కోచ్‌ల ఖాతాలో ఉన్నాయి, న్యాయమే. కానీ వాళ్ల చేతికి ఒక జట్టంటూ అందింది కదా, అది అందేలా చేసినవాడి పేరు కూడా రాయాలి.

సంపాదకులకు నా మనవి ఒక్కటే. ఇకమీదట ఏ కోచ్ రికార్డు వేసినా, ఆయన వచ్చిన రోజున జట్టులో ఎంతమంది ఉన్నారో, వాళ్ల వయసులెంతో, అంతకుముందు ఏడాది ఆ జట్టుకి ఏం జరిగిందో కూడా ఒక లైను వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
హంటింగ్టన్, వెస్ట్ వర్జీనియా