ముందు మీ జవాబు, తర్వాతే ఏఐ

సంపాదకులకు నమస్కారం.

వైద్య విద్యార్థులు ఏఐ వాడాలా వద్దా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. చాట్‌జీపీటీ 2022 నవంబరు చివర్లో జనంలోకి వచ్చింది. అప్పట్నుంచి అర్థంకాని ఫిజియాలజీ పాఠం మొదలు కేస్ ప్రజెంటేషన్ దాకా విద్యార్థులు దాన్నే అడుగుతున్నారు. వద్దన్న చోట చాటుగా అడుగుతున్నారు. చాటుగా వాడితే అది చెప్పిన తప్పు అధ్యాపకుల కంట పడదు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. వాడనివ్వండి, కానీ వరస మార్చండి: ముందు విద్యార్థి తన జవాబు కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే ఏఐని అడగాలి.

ఒక కేసు చూడండి. పాతికేళ్ల మహిళ, పొత్తికడుపులో కుడివైపు నొప్పి, వాంతులు. విద్యార్థి చివరి నెలసరి తేదీ అడగలేదు. తెలిసిన నాలుగు ముక్కలు టైపు చేసి ‘ఇది అపెండిసైటిసే కదా?’ అంటాడు. అడిగినవాడి ధోరణికి తలూపే గుణం ఈ టూల్స్‌కి ఉంది. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ (గర్భాశయం బయట నిలిచిన గర్భం) జాబితా అడుగున పడిపోవచ్చు, అసలు రాకనూపోవచ్చు. అదే విద్యార్థి ముందు తనకు తోచిన మూడు డయాగ్నోసిస్‌లు రాసుకుని, ‘నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలేవి?’ అని అడిగితే నెలసరి తేదీ, ప్రెగ్నెన్సీ టెస్టు పైకి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు మళ్లీ వార్డుకు వెళ్లి అడిగి రావచ్చు.

మోతాదుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పది కిలోల బిడ్డకు జ్వరం. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఒక మోతాదు 150 మి.గ్రా. ఇక్కడిదాకా ఏఐ సాధారణంగా సరిగ్గానే చెబుతుంది. మి.లీ.లలోకి మార్చేటప్పుడే ముప్పు. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6.25 మి.లీ., 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3 మి.లీ., మి.లీ.కు 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ అయితే 1.5 మి.లీ. సీసా ఏదో చెప్పకుండా అడిగితే అది ఏదో ఒక బలాన్ని తనే అనుకుని లెక్క కట్టేస్తుంది. 6.25 మి.లీ. అన్న జవాబుతో డ్రాప్స్ పోస్తే బిడ్డ కడుపులోకి వెళ్లేది 625 మి.గ్రా., నాలుగు రెట్లకు పైనే. అందుకే సీసా మీది లేబుల్ చదివి, లెక్క చేత్తో వేసి, ఫార్ములరీలో (మందులు, మోతాదుల ప్రామాణిక పుస్తకంలో) సరిచూసుకున్నాకే మోతాదు రాయాలి.

సెమినార్లకు అది ఇచ్చే రిఫరెన్సులనూ నమ్మడానికి లేదు. జర్నల్ నిజమైనదే, పేర్లూ నమ్మేలాగే ఉంటాయి, ఒక్కోసారి ఆ పేపరు మాత్రం అసలు ఉండదు. తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసి అల్లే యంత్రం కాబట్టి శీర్షికనూ అలాగే అల్లేస్తుంది. శీర్షికను పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పత్రాలను వెతికే వెబ్‌సైట్‌లో) వెతకాలి. దొరికితే తెరిచి, ఏఐ చెప్పిన అంకె అందులో ఉందో లేదో చూడాలి. దొరికింది కదా అని అక్కడే ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

పేషెంటు ఎక్స్‌రే ఫొటో తీసి బయటి యాప్‌లో పెట్టడం మాత్రం వెంటనే ఆగాలి. ఫిల్మ్ మూలన పేరు, వయసు, నంబరు ఉంటాయి. వాటిని కత్తిరించినా, అరుదైన జబ్బు, ఊరు, తేదీ కలిపి చెబితే మనిషి తెలిసిపోతాడు.

మేలు లేదని కాదు. హిస్టరీ తీసుకోవడం, అంటే పేషెంటును అడిగి జబ్బు వివరాలు రాబట్టడం, సాధన చేయడానికి ఏఐని పేషెంటుగా కూర్చోబెట్టవచ్చు. ‘అడిగినదానికే బదులివ్వు, జబ్బు పేరు చెప్పకు’ అని ముందే షరతు పెట్టాలి, లేదంటే రెండో ప్రశ్నకే అంతా చెప్పేస్తుంది. వైవా ప్రశ్నలకూ బాగా పనికొస్తుంది. కాకపోతే అది తయారుచేసే ఎంసీక్యూల్లో ఒక్కోసారి రెండు ఆప్షన్లూ సరైనవే ఉంటాయి. కీని పాఠ్యపుస్తకంతో సరిచూడకుండా బట్టీ పట్టకూడదు.

కాలేజీలకు మా విన్నపం: ఇంటర్నల్ అసైన్‌మెంట్‌లో విద్యార్థి సొంత జవాబు, ఏఐ జవాబు, అందులో ఎర్రసిరాతో పట్టిన తప్పులు, మూడూ జతచేయమని అడగండి. మార్కులు ఆ ఎర్రసిరాకు వేయండి.

– కొందరు వైద్య విద్య అధ్యాపకులు