2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్త కాదు, మళ్లీ ఏకరువు పెట్టను. రక్తదాన శిబిరం, నోటుపుస్తకాల పంపిణీ, ఎండాకాలం చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. చలివేంద్రానికి కుండలిచ్చినవారికి, రోజూ వాటిని నింపిన వాచ్‌మన్ కుటుంబానికి ధన్యవాదాలు. ఇక మిగతా నివేదికంతా హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యా శరణార్థుల బస్తీలో పిల్లలకు నడిపిన ఆదివారం ఫొటో తరగతుల గురించే. ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఈ బస్తీవాళ్లు 2012 అల్లర్ల తర్వాత కొందరు, 2017 ఆగస్టు తర్వాత మరికొందరు మయన్మార్‌లోని రఖైన్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. వీళ్ల చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) ఇచ్చిన కార్డు. అందుకే కెమెరా చూడగానే తల్లులు అడిగే మొదటి మాట, "ఈ ఫొటో ఎక్కడికి పోతుంది?" దానికి జవాబు లేకుండా ఆ గల్లీలో కాలు పెట్టకూడదు. మనం పెట్టుకున్న కట్టుబాట్లివి: తీసేముందు ఒకసారి, ప్రింటు చేతికిచ్చి చూపించాక మరోసారి అనుమతి అడగాలి. మొదటిసారి సరేనన్నవాళ్లు రెండోసారి వద్దంటే ఆ ఫొటో పక్కనపెట్టాలి, కారణం అడగకూడదు. ప్రదర్శనకు ముఖాలు వద్దు. చేతులు, వీపులు, నీడలు చాలు. కార్డులు, గోడల మీద రాసుకున్న ఫోన్ నంబర్లు ఫ్రేములో పడకూడదు.

సెల్‌ఫోన్లు వద్దనుకున్నదీ ఇందుకే. లొకేషన్ ఆపడం మరిచిపోతే తీసిన చోటు ఫొటోలోనే దాక్కుంటుంది. మీ అటకల మీద పడున్న పాత డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి జీపీఎస్సే లేదు. ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. ఛార్జర్ లేకుండా కెమెరా మాత్రమే ఇచ్చి పుణ్యం కట్టుకున్నవారు దయచేసి ఆ సొరుగు ఇంకోసారి వెతకండి. పెన్సిల్ సెల్లులతో నడిచేవాటికి మామూలు ఆల్కలైన్ సెల్లులు త్వరగా చచ్చిపోతాయి. రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులే వాడాలి. బాగా పాత కెమెరాలు 2 జీబీ దాటిన మెమరీ కార్డును గుర్తించవు. 32 జీబీ కార్డు పెట్టి "కెమెరా చెడిపోయింది" అన్న వాలంటీర్లు ఇద్దరున్నారు. వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా మూత గట్టిగా ఉండే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో దాచాం. నీలం గింజలు గులాబీకి తిరిగాయంటే మార్చాల్సిందే.

పాఠంలో అసలు తిప్పలు వెలుతురుతో. గుడిసె లోపల చీకటి, గుమ్మంలో ఎండ. కెమెరా గుమ్మాన్ని చూసి లెక్క కడుతుంది, లోపలి మనిషి బొగ్గుబొమ్మ అవుతాడు. ముందు చీకటి గోడ వైపు తిప్పి బటన్ సగం నొక్కి, అలాగే పట్టుకుని మనిషి వైపు తిప్పి పూర్తిగా నొక్కాలి. పిల్లలు దీన్ని ఒక్క పూటలో పట్టేశారు, పెద్దలకే రెండు వారాలు పట్టింది. ఫ్లాష్ వేస్తే ప్లాస్టిక్ గోడ మీద తెల్లమచ్చ తప్పదు కనుక ఆపేశాం. చెయ్యి వణక్కుండా మోచేతులు మోకాళ్లకు ఆనించి కూర్చోవాలి.

ఇద్దరు పిల్లలకు ఒక కెమెరా, ఒక్కొక్కరికి వారానికి 24 ఫొటోలు. హద్దు లేకపోతే చూడటం మానేసి నొక్కుతూ పోతారు. ఫొటోలన్నీ చిన్న బొమ్మలుగా ఏ4 కాగితం మీద ప్రింటు తీసిస్తే, పిల్లలు మూడింటికి బొట్టుబిళ్ల అంటించి, ఎందుకు నచ్చాయో చెబుతారు. వాళ్ల మాట ఏ భాషలో వస్తే ఆ భాషలోనే రికార్డు చేసుకుని, తర్వాత రాసుకోవాలి. మన కవిత్వం కలపకూడదు. గుమ్మం ముందు చెల్లాచెదరుగా పడున్న చెప్పుల ఫొటోకు మన సభ్యుడొకరు "దీనుల అడుగులు" అని పేరు పెట్టారు. తీసిన పిల్లాడు చెప్పింది వేరు: "ఈద్‌కి మా ఇంటికి ఇంతమంది వచ్చారు."

ప్రదర్శన హాలు కోసం సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలిచ్చాం. మూడుసార్లూ "సార్ ఫీల్డ్‌లో ఉన్నారు." చివరికి బస్తీ గల్లీలోనే నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో 8×12 ప్రింట్లు వేలాడదీశాం. హాల్లో కంటే అక్కడే బాగుందని నా అభిప్రాయం. మ్యాట్ కాగితమే తీసుకోవాలి, నిగనిగలాడేది ఎండలో కనబడదు. గాలికి ఎగరకుండా కింది అంచుకు పుల్ల కట్టాలి. తాడు పిల్లల కళ్ల ఎత్తున ఉండాలి. ఆడవాళ్లు నిమ్మళంగా చూసుకోవడానికి వేరుగా ఒక గంట ఇచ్చాం.

అందరూ ఆగిపోయిన ఫొటో ఒకటుంది. చాప మీద పడుకుని పైకి తీసింది. పైకప్పు పాత సినిమా ఫ్లెక్సీ. హీరో సగం ముఖం, మీసం, దాని పక్కన వాననీటి పసుపు మరక. తీసిన అమ్మాయి మాట ప్రింటు కింద ఉన్నదున్నట్టే పెట్టాం: "రాత్రి నిద్ర పట్టకపోతే ఈయన్ని చూస్తా. ఈయన కూడా నిద్రపోడు."

ప్రింట్లు ముప్పావు ధరకే వేసిచ్చిన ల్యాబ్ యజమానికి, చాపలిచ్చిన మసీదు కమిటీకి, దుబాసీలుగా నిలబడిన బస్తీ యువకులకు, టీలు పంపిన హోటల్‌వారికి, కెమెరాల సంచి మోసిన ఆటో అన్నకు పేరుపేరునా ధన్యవాదాలు. ప్రదర్శన అయ్యాక ప్రింట్లన్నీ పిల్లలకే ఇచ్చేశాం.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో కోశాధికారి దగ్గరున్నాయి. ఖర్చులో పెద్దవి ప్రింట్లు, ఆటో కిరాయి, సెల్లులు. బాకీ చందాలు ఈ పూటే కడితే సంతోషం.

ప్రారంభం రోజు గ్రూప్ ఫొటోలో నిలబడ్డ వాలంటీర్లలో సగం మంది రెండో ఆదివారానికే కనబడలేదు. పెళ్లిళ్లు, ఊళ్లు అందరికీ ఉంటాయి, కానీ పిల్లలు పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చుంటున్నారు. రిజిస్టర్ గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. ఈసారి పేరొక్కటే కాకుండా, ఏ ఆదివారం వస్తారో తేదీ కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి