ఆ పిల్ల నాలుగు లెక్కలూ సరిగ్గానే చేసింది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఒక నోటుపుస్తకం గురించి మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను ప్రధానోపాధ్యాయురాలిగా ఉద్యోగ విరమణ చేసి మూడేళ్లయింది. అయినా ఇంట్లో కూర్చోలేక వారానికి మూడు రోజులు గుంటూరు శివార్లలోని ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి చిన్న తరగతులకు చదువు చెబుతున్నాను. గత డిసెంబరులో రెండో తరగతి పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 2+2 అన్న లెక్కకు ఎదురుగా, పైభాగం మూయకుండా వదిలేసిన 8 లాంటి గుర్తు ఉంది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ. కింద మరో మూడు లెక్కలు, మూడు ఇంటూలు. పేజీ చివర గుండ్రంగా సున్నా.

ఆ పిల్లను దగ్గరకు పిలిచి బల్ల మీద నాలుగు చింతపిక్కలు పెట్టాను. వేలితో ఒక్కొక్కటీ జరిపి, పెదవులు కదిలీ కదలకుండా లెక్కపెట్టుకుని, మళ్లీ అదే గుర్తు వేసింది. ఐదు పెట్టాను, మరో గుర్తు వేసింది. సాయంత్రం వాళ్ల నాన్న వస్తే పుస్తకం చూపించాను. ఇటుక దుమ్ము పట్టిన చేతిని లుంగీకి తుడుచుకుని, పేజీని ముట్టుకోకుండానే వంగి చూశాడు. "చారి, అమ్మా, చారి" అంటూ నాలుగు వేళ్లు చూపించాడు. ఒడియాలో నాలుగంకె అలాగే ఉంటుంది. లెక్కను బోర్డు మీద చూసి ఎక్కించుకున్న పిల్ల జవాబును మాత్రం తనకు వచ్చిన అంకెల్లో రాసింది. నాలుగు లెక్కలూ సరైనవే.

దిద్దిన టీచరమ్మను నేను తప్పుపట్టను. ఆమె ఒక్కతే రెండు తరగతులు చూస్తుంది, ఓపికగానే చూస్తుంది. ఆ పిల్ల ఏ భాషలో చదువు మొదలుపెట్టి వచ్చిందో ఆమెకు చెప్పినవారు లేరు. కొత్తగా వచ్చిన పరభాషా పిల్లలను మొదటి నెలల్లో ఎలా చూసుకోవాలో చెప్పే ఉత్తర్వు నా సర్వీసు మొత్తంలో ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. నేను కూడా ఎన్ని పుస్తకాల మీద అలాంటి ఇంటూలు పెట్టానో ఇప్పుడు తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఆ కుటుంబానిది పశ్చిమ ఒడిశాలోని బొలంగీర్ జిల్లా. అక్కడ కొత్త బియ్యం వండుకునే నువాఖాయి పండుగ దాటాక మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు బయలుదేరతారు. ఆ అడ్వాన్సును వాళ్లు దాదన్ అంటారు. అది తీరేవరకు, అంటే వానలు మొదలయ్యేవరకు, ఇక్కడే ఉంటారు. కాబట్టి పిల్లలు మన బడికి జూన్‌లో రారు, నవంబరులోనో డిసెంబరులోనో వస్తారు. అప్పటికి సగం పాఠాలు అయిపోయి ఉంటాయి, పుస్తకాల పంపిణీ పూర్తయి ఉంటుంది. బట్టీలవాళ్లే కాదు. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో, శీతల గిడ్డంగుల్లో బిహారు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి పనిచేసేవారున్నారు. 2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. రాజధాని కట్టడానికి వచ్చే చేతుల వెంట పిల్లలూ వస్తారు. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి బడుల ముందు రేపు నిలబడబోయేది వాళ్లే.

చట్టంలో లోటు లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను తొమ్మిదో సెక్షన్‌లో స్థానిక సంస్థల మీద పెట్టింది. టీసీ ఆలస్యమైందని, వయసు ధ్రువపత్రం లేదని, గడువు దాటిపోయిందని చేర్చుకోకుండా ఉండకూడదంది. బడి మానేసిన పిల్లలనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, మిగతావారితో కలిసేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతోంది. ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా సాగవచ్చని నమూనా నియమాల్లో ఉంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 29వ సెక్షన్ అంటోంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయి గురించి ఇదే మాట చెప్పింది.

ఆచరణలో మాత్రం అడ్డంకి కంప్యూటర్ దగ్గర మొదలవుతుంది. పాత బడి తన జాబితాలోంచి ఆ పిల్ల పేరును వదిలి యూడైస్ ప్లస్ అనే దేశవ్యాప్త ఆన్‌లైన్ విద్యార్థుల జాబితాలో, బడి మారే పిల్లల పేర్లు ఉంచే డ్రాప్ బాక్స్‌లోకి పంపితేనే కొత్త బడి ఆమెను తన ఖాతాలోకి తీసుకోగలదు. బొలంగీర్‌లోని ఏదో ఊరి హెడ్మాస్టరుకు ఫోను చేసి, రాని భాషలో బతిమాలుకోవాల్సింది ఇక్కడి హెడ్మాస్టరే. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కకపోతే పుస్తకాలు, యూనిఫాం, బడి సంచి లెక్కలోకి ఆ పిల్ల రాదు. మా బడిలో మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. వంటచేసే తల్లి ఒక పళ్లెం అదనంగా కడిగిపెట్టింది. నెలన్నర పాటు ఆ పిల్లకు ఈ రాష్ట్రం ఇచ్చిన స్వాగతం ఆ పళ్లెమే.

మంత్రి గారూ, చేర్చుకోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత తరగతి గదిలో జరిగేది మరో ఎత్తు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. బడిలో నేర్చుకున్నది ఒడియా. ఇక్కడ చుట్టూ తెలుగు, పాఠం ఇంగ్లిషు మాధ్యమం. ఏడేళ్ల పిల్ల నాలుగో భాష గడప మీద నిలబడి ఉంది. మొదటి రెండు నెలలు ఆమె నోరు విప్పలేదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొంతకాలం అలా వింటూ ఉంటారు. అది వాళ్లు పని చేస్తున్న సమయం. మనం దాన్ని మందకొడితనం అని రాసేస్తాం. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక రోజు ధైర్యం చేసి "మా అమ్మ వచ్చాడు" అంది. తరగతి అంతా గొల్లుమంది. వాళ్ల భాషలో క్రియకు ఆడ, మగ తేడా లేదు. అమ్మ వచ్చినా అన్న వచ్చినా ఒకటే రూపం. వచ్చాడు, వచ్చింది అన్న చిక్కు మన తెలుగుది. ఆ సంగతి టీచరుకు ముందే తెలిసి ఉంటే నవ్వు మొదలయ్యేలోపే ఆపేది. ఆ రోజు తర్వాత ఆ పిల్ల మళ్లీ మూడు వారాలు మాట్లాడలేదు.

తెలిసినవారికి ఇక్కడ ఎన్ని దారులు కనిపిస్తాయో చెబుతాను. ఒడియా వర్ణమాల కూడా అ ఆ ఇ ఈ అనే మొదలవుతుంది. క ఖ గ ఘ వరుస మనదే. అక్షరం ఆకారం మారుతుంది, దాని స్థానం మారదు. పుస్తకం, ఆకాశం, సూర్యుడు, విద్యాలయం లాంటి మాటలు కాస్త యాస తేడాతో రెండు వైపులా ఉన్నాయి. చిక్కల్లా మన ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా దగ్గర వస్తుంది. వాళ్ల లిపిలో వీటికి విడి అక్షరాలు లేవు. ఇదంతా రెండు పేజీల్లో రాసి టీచర్ల చేతిలో పెట్టవచ్చు. పక్కపక్క గడుల్లో ఒడియా అంకె, మామూలు అంకె ఉన్న ఒక అట్టముక్క గోడకు తగిలిస్తే ఆ నాలుగు ఇంటూలు పడేవి కావు. ఆ అట్ట నేనే చేసి తగిలించాను. నా ఖర్చు ఒక స్కెచ్ పెన్ను.

గుంటూరులో ఏ వీధిలో అడిగినా అమెరికాలో ఉన్న బిడ్డల గురించి చెబుతారు. నా మనవడూ అక్కడే పెరుగుతున్నాడు. వాడిని ఐదేళ్లప్పుడు బడిలో చేర్చిన రోజు మా అమ్మాయికి ఇచ్చిన కాగితాల్లో ఒక ప్రశ్న ఉంది: మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? తెలుగు అని రాసింది. ఆ ఒక్క మాటతో వాడికి ఇంగ్లిషు ఎంత వచ్చో పరీక్షించారు, రోజూ కొంతసేపు విడిగా కూర్చోబెట్టి నేర్పే టీచరును చూపించారు. దాని వెనుక 1974 నాటి లౌ వర్సెస్ నికొల్స్ తీర్పు ఉంది. ఇంగ్లిషు రాని చైనీయుల పిల్లలకు అందరితో పాటే అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన పిల్లలకు పరదేశంలో దక్కిన ఆ ఆదరణను కన్నీళ్లతో చెప్పుకునే మనం, మన ఊరి బట్టీ పిల్లకు అందులో పిసరంతైనా ఇవ్వలేమా?

అమెరికా దాకా ఎందుకు? సూరత్ మగ్గాల దగ్గరకు వలస వెళ్లిన మన తెలుగు కుటుంబాల పిల్లల కోసం ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు పెట్టింది. ఒడియా పిల్లలకూ పెట్టింది. ముంబయి నగరపాలక సంస్థ కూడా తెలుగు బడులు నడిపింది. ఆ అన్నం తిన్నవాళ్లం మనం. కేరళలో ఎర్నాకుళం జిల్లావారు 2017లో రోష్ని అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లల భాష తెలిసిన వాలంటీర్లు బడి గంటకు ముందే వాళ్లను కూర్చోబెట్టి, అల్పాహారం పెట్టి, వాళ్ల మాటల మీదుగా మలయాళంలోకి నడిపిస్తారు.

మనకూ అనుభవం లేకపోలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలోనే గోండి, కోయ, సవర, కువి మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించారు. ఆ ఎనిమిదింటిలో ఆదివాసీ ఒడియా ఒకటి. వాచకాలు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. ఇచ్ఛాపురం ప్రాంతంలో ఈనాటికీ ఒడియా మాధ్యమం బడులున్నాయి, ఒడియా టీచర్లను మన డీఎస్సీయే ఎంపిక చేస్తుంది. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలను కొన్నేళ్లుగా మనమే అచ్చు వేస్తున్నాం. ఒకటి, రెండు తరగతులకు ఒడియాతో, హిందీతో అలాంటి పలుచని పుస్తకం ఒకటి తేవడానికి కొత్త శాఖ అక్కరలేదు. ఇచ్ఛాపురం టీచర్లను నలుగురిని పది రోజులు గుంటూరు పిలిపిస్తే చాలు.

అడ్మిషన్ ఫారంలో మాతృభాష అనే గడి ఉంటుంది. హడావుడిలో అందరికీ తెలుగు అని నింపేస్తాం. ఆ గడిలో మరో భాష పేరు పడిన రోజే ఎంఈవోకు కబురు వెళ్లేలా చూడండి. వారం లోపు బడికి ఒక సహాయకురాలు రావాలి. ఎక్కడి నుంచి అని అధికారులు అడుగుతారు. మా బట్టీలోనే పదో తరగతి చదివిన కోడలు పిల్ల ఒకామె ఉంది. ఇటుకలు తిప్పే కూలికి సమానమైన గౌరవ వేతనం ఇస్తే రోజుకు మూడు గంటలు వచ్చి కూర్చుంటానని నాతో చెప్పింది. ఆన్‌లైన్ బదిలీ ఇక్కట్లు రాష్ట్ర స్థాయిలో ఒడిశా అధికారులతో మాట్లాడి తేల్చవలసినవి, వాటిని హెడ్మాస్టరు నెత్తిన వేయకండి. అది తేలేదాకా పుస్తకాలు ఆపవద్దని ఒక ఉత్తర్వు ఇవ్వండి. పదేళ్ల పిల్లవాడికి తెలుగు రాదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం కూడా మాన్పించండి. వాడికి రానిది తెలుగు. భాగహారం వచ్చు.

మరొక్క సంగతి. జూన్‌లో బడులు తెరిచేసరికి వాళ్లు సొంత ఊరికి బయలుదేరతారు. ఆరు నెలలు ఇక్కడ ఏం నేర్చుకుందో చెప్పే కాగితం ఆ పిల్ల చేతిలో ఉండదు. అక్కడి టీచరుకు అర్థమయ్యేలా హిందీలోనో ఒడియాలోనో ఒక పేజీ రాసి ఇవ్వాలి. ఈ ఏడాది ఆ పేజీ నేను రాయించాను. కోడలు పిల్లే రాసింది, నేను సంతకం పెట్టాను. ఆ సంతకం చెల్లుతుందో లేదో నాకు తెలియదు. మీ శాఖ ముద్ర ఉంటే చెల్లుతుంది.

నువాఖాయి అయ్యాక వాళ్లు మళ్లీ వస్తారు. డిసెంబరులో ఒక ఉదయం, ముందుగా చెప్పకుండా, మా బడికి రండి. అట్ట గోడకే ఉంటుంది. చింతపిక్కలు నా సంచిలో ఉంటాయి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు